ఇల్లు అడిగిన తల్లి

ఓటు వెయ్యడానికి మీరు ఎంతసేపు నిలబడతారు? గంటా? రెండు గంటలా? వరుస పొడుగ్గా వుంటే "ఇంటికి పోయి పొయ్యి మీద అన్నం దించి వద్దాం లే" అనుకుంటాం.

1994 ఏప్రిల్ నెలలో దక్షిణాఫ్రికా దేశంలో జనం తెల్లవారక ముందే వచ్చి వరుస కట్టారు. కొన్ని చోట్ల ఆ వరుస కిలోమీటర్ల పొడుగు సాగింది. పొద్దు గూకేదాకా నిలబడ్డవాళ్లు వున్నారు. నడవలేని ముసలివాళ్లను ఇంట్లోవాళ్లు మోసుకొచ్చారు. డెబ్బై ఏళ్ల అవ్వకి అదే మొదటి ఓటు. ఆమె పక్కన నిలబడ్డ పద్దెనిమిదేళ్ల మనవరాలికీ అదే మొదటి ఓటు. ఆ దేశపు నాయకుడు నెల్సన్ మండేలా అప్పటికి 75 ఏళ్లవాడు. ఆయనా జన్మలో మొదటిసారి ఓటు వేశాడు. డర్బన్ నగరం దగ్గర ఒక బడిలో వేశాడు.

వరుసలో వున్నవాళ్లలో చదువు రానివాళ్లు చాలామంది. అందుకని ఓటు కాగితం మీద పార్టీ పేరు ఒక్కటే వెయ్యలేదు. పక్కన గుర్తు వేశారు. ఇంకో పక్కన ఆ పార్టీ నాయకుడి ఫోటో కూడా వేశారు. 19 పార్టీలు పోటీ చేశాయి. ఒక పెద్ద పార్టీ వారం రోజుల ముందు దాకా పోటీకి ఒప్పుకోలేదు. అది ఒప్పుకునే సరికి కాగితాలన్నీ అచ్చయిపోయాయి. మళ్లీ అచ్చు వేసే టైము లేదు. అందుకని కోట్ల కాగితాల అడుగున ఆ పార్టీ పేరు, గుర్తు, ఫోటో వున్న చీటీ అంటించారు. ఎన్నికలంటే చిన్న పని కాదు మరి.

మన దేశంలో మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకేసారి ఓటు వచ్చింది. కానీ సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లు ఓటు వెయ్యలేకపోయారు. ఎందుకో తెలుసా? పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్లకి వాళ్లు సొంత పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యని", "ఫలానా ఆయన కూతుర్ని" అని చెప్పారు. ఆ పేర్లను జాబితాలోంచి తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు. ఇప్పుడు మీరు పలక మీద మొదట దిద్దిన మాట ఏది? మీ పేరే కదా.

అంతకు ముందు సంగతి

దక్షిణాఫ్రికాలో ఎక్కువమంది నల్లవాళ్లు. తెల్లవాళ్లు తక్కువమంది. కానీ పెత్తనమంతా తెల్లవాళ్లదే. నల్లవాళ్లు వుండే పేటలు వేరు. బడులు వేరు. ఆసుపత్రులు వేరు. బస్సులు వేరు. దీన్నే వర్ణ వివక్ష అన్నారు. నల్లవాళ్లు పట్నంలో తిరగాలంటే జేబులో పాసు పుస్తకం వుండాలి. లేకపోతే జైలు.

మొదట ఈ పాసు మగవాళ్లకే వుండేది. ఆడవాళ్లకి కూడా పెడతామన్నారు. 1956 ఆగస్టు 9న సుమారు 20 వేల మంది ఆడవాళ్లు రాజధాని ప్రిటోరియాకి వెళ్లారు. కొందరు వీపున పిల్లల్ని కట్టుకుని వెళ్లారు. ప్రధానమంత్రి ఆఫీసు గుమ్మం దగ్గర అర్జీలు కట్టలు కట్టలుగా పెట్టారు. అరగంట సేపు ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డారు. 20 వేల మంది వూరుకుంటే ఆ మౌనం ఎలా వుంటుందో ఆలోచించండి. ముందు నడిచిన వాళ్లలో లిలియన్ ఎన్గోయి నల్లజాతి ఆమె. హెలెన్ జోసెఫ్ తెల్ల ఆమె. రహీమా మూసా భారత సంతతి ఆమె. ఇప్పుడు అక్కడ ఆగస్టు 9 సెలవు రోజు. మహిళల రోజు.

భారత సంతతి అంటే మనవాళ్లే. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్‌కి వెళ్లింది. చెరుకు తోటల్లో అయిదేళ్లు పని చేస్తామని ఒప్పందం మీద వేలిముద్ర వేసి జనం ఓడ ఎక్కారు. తర్వాత యాభై ఏళ్లలో లక్షన్నర మంది అలా వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లూ వున్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వీళ్లకీ తెల్లవాళ్లతో సమానంగా ఓటు లేదు.

మండేలా 27 ఏళ్లు జైల్లో వున్నాడు. 1990లో విడుదలయ్యాడు. 1994 ఎన్నికల్లో ఆయన పార్టీ గెలిచింది. పార్టీ పేరు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్. మండేలా ఆ దేశానికి మొదటి నల్లజాతి అధ్యక్షుడు అయ్యాడు.

కాగితం మీద రాసిన మాట

ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలి పెత్తనం పోయిందనుకోండి. మర్నాటి నుంచి కొత్త తగువులు మొదలవుతాయి. వంట ఎవరు చెయ్యాలి? డబ్బు ఎవరి దగ్గర వుండాలి? దేశమూ అంతే. పాత పెత్తనం పోయాక ఎవరికి ఏమి రావాలో రాసుకోవాలి. ఆ రాతని రాజ్యాంగం అంటారు.

దక్షిణాఫ్రికా వాళ్లు రాజ్యాంగం రాసే ముందు జనాన్ని అడిగారు. మీటింగులు పెట్టారు. రేడియోలో చెప్పారు. ఉత్తరాలు రాయమన్నారు. ఉత్తరాలు, సంతకాలు కలిపి ఇరవై లక్షల దాకా వచ్చాయి. 1996 డిసెంబరు 10న మండేలా దాని మీద సంతకం పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? పార్లమెంటులో కాదు. షార్ప్‌విల్ అనే చోట పెట్టాడు. 1960లో పాసులు వద్దన్నందుకు పోలీసులు 69 మందిని కాల్చి చంపిన చోటు అది.

ఆ రాజ్యాంగంలో తెలుగు పేరు కూడా వుంది! అక్కడి ప్రజలు మాట్లాడే భాషల్ని గౌరవించాలని రాస్తూ తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూతో పాటు తెలుగు అని రాశారు.

ఇంకో పెద్ద మాట కూడా రాశారు. ప్రతి మనిషికీ వుండడానికి ఇల్లు దొరికే హక్కు వుందన్నారు. తిండి, నీళ్లు, వైద్యం కూడా హక్కులే అన్నారు. అయితే పక్కనే ఒక షరతు వుంది. ప్రభుత్వం తన దగ్గరున్న డబ్బుని బట్టి, మెల్లమెల్లగా ఈ హక్కులు అందేలా చెయ్యాలి.

మెల్లమెల్లగా అంటే ఎంత మెల్లగా? తగువంతా అక్కడే వచ్చింది.

ఐరీన్ కథ

కేప్‌టౌన్ నగరం శివార్లలో వాలస్‌డీన్ అనే గుడిసెల పేట వుంది. అక్కడ ఐరీన్ గ్రూట్‌బూమ్ అనే ఆమె వుండేది. గ్రూట్‌బూమ్ అంటే వాళ్ల భాషలో పెద్ద చెట్టు అని అర్థం. ఆమెకి మాత్రం నీడ లేదు. ఒక చిన్న రేకుల గుడిసెలో ఆమె కుటుంబం, ఆమె అక్కచెల్లెలి కుటుంబం కలిసి వుండేవాళ్లు. కుళాయి లేదు. మురుగు కాలవ లేదు. చాలా గుడిసెలకి కరెంటు లేదు. వాన పడితే నీళ్లు లోపలికి వచ్చేవి.

ఆ పేటలో చాలామంది సర్కారు ఇంటికి పేరు రాయించుకున్నారు. కొందరు ఏడేళ్ల నుంచి చూస్తున్నారు. ఎప్పుడు వస్తుందో చెప్పేవాళ్లు లేరు. "జాబితాలో వుంది" అనేదే జవాబు. ఈ జవాబు మనకీ కొత్త కాదు.

1998లో ఐరీన్, ఇంకా కొన్ని కుటుంబాలవాళ్లు పక్కనున్న ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకున్నారు. అది ఒకరి సొంత భూమి. పేదల ఇళ్ల కోసం కేటాయించిన భూమి కూడా అదే. యజమాని కోర్టుకి వెళ్లాడు. ఖాళీ చెయ్యమని కోర్టు చెప్పింది. వీళ్లు ఎక్కడికి పోతారు? పాత చోటులో అప్పటికే వేరేవాళ్లు గుడిసెలు వేసుకున్నారు.

1999 మే నెలలో అధికారులు వచ్చారు. చెప్పిన రోజు కంటే ఒక రోజు ముందే వచ్చారు. మనకి మే నెల ఎండాకాలం. అక్కడ చలికాలం మొదలయ్యే నెల. కేప్‌టౌన్‌లో వానలు పడేది కూడా ఆ చలికాలంలోనే. అలాంటప్పుడు యంత్రాలతో గుడిసెలు కూల్చారు. తగలబెట్టారు. చాలామందికి సామాన్లు బయటికి తీసుకునే వ్యవధి కూడా దొరకలేదు.

ఆ జనమంతా పేటలోని ఆటల మైదానంలోకి చేరారు. ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని వున్నారు. 390 మంది పెద్దవాళ్లు. 510 మంది పిల్లలు. అప్పుడే వానలు మొదలయ్యాయి.

వాళ్లు ఒక వకీలుని పట్టుకున్నారు. వకీలు ముందు నగర పాలక సంస్థకి ఉత్తరం రాశాడు. సరైన జవాబు రాలేదు. కోర్టులో కేసు వేశారు. కేసులో అందరి తరఫునా మొదటి పేరు ఐరీన్‌ది. అందుకని అది గ్రూట్‌బూమ్ కేసు అయింది. ఎదటి పక్షం దేశ ప్రభుత్వం! అదీ మామూలు ప్రభుత్వం కాదు. ఆ నల్లజాతి పేదలే ఓటు వేసి గెలిపించుకున్న ప్రభుత్వం. "మన ప్రభుత్వం మీద మనమే కేసు వెయ్యడమేమిటి?" అని అన్నవాళ్లూ వుంటారు. అడగకపోతే తెలిసేదెలా అన్నవాళ్లూ వుంటారు.

కేసు ఆ దేశంలో అన్నిటికన్నా పెద్దదైన రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. తీర్పు రాసిన జడ్జి జాక్ యాకూబ్. డర్బన్‌లో పుట్టిన భారత సంతతి మనిషి. ఆయనకి పసితనంలోనే జబ్బు చేసి చూపు పోయింది. చూపు లేని ఆ జడ్జి 2000 అక్టోబరు 4న తీర్పు చెప్పాడు.

తీర్పులో రెండు మాటలున్నాయి. రెండూ జాగ్రత్తగా చదవండి.

ఒకటి. ఎవరైనా కోర్టుకి వచ్చి "నాకు ఈ రోజే ఇల్లు ఇప్పించండి" అంటే కోర్టు ఇప్పించదు. ప్రభుత్వం దగ్గర డబ్బు ఎంత వుందో అదీ చూడాలి.

రెండు. ప్రభుత్వం ఇళ్లు కడుతోంది, నిజమే. కానీ దాని పథకంలో నెత్తి మీద కప్పే లేనివాళ్ల సంగతి లేదు. వరద వచ్చినవాళ్లు, ఇల్లు కూలగొట్టించుకున్నవాళ్లు ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో అందులో లేదు. అలాంటి పథకం రాజ్యాంగానికి సరిపోదు. వాళ్ల కోసం కూడా ఏర్పాటు చెయ్యాలి.

ఇంత తేల్చి చెప్పిన తీర్పు అంతకు ముందు లేదు. "ఇల్లు మా హక్కు" అని పేదలు ప్రభుత్వాన్ని కోర్టులో నిలదీయవచ్చని తేలింది. ప్రపంచంలో ఎన్నో దేశాల న్యాయ కళాశాలల్లో ఇప్పుడు ఈ తీర్పు చదువుతారు. దీని తర్వాత ఆ దేశ ప్రభుత్వం అత్యవసర ఇళ్ల పథకం తయారు చేసింది.

మరి ఐరీన్‌కి ఇల్లు వచ్చిందా?

రాలేదు. 2008లో ఆమె చనిపోయింది. అప్పటికి ఆమెకి నలభై ఏళ్లు కూడా లేవు. చనిపోయేటప్పటికీ వాలస్‌డీన్‌లో గుడిసెలోనే వుంది.

దీని మీద అక్కడ ఇప్పటికీ వాదన జరుగుతుంది. తీర్పు గెలిచి లాభమేమిటి, ఇల్లు రాకపోతే? అని కొందరు అడుగుతారు. జడ్జీలు ఫలానా తేదీ లోపల ఇవ్వమని గట్టిగా చెప్పాల్సింది అంటారు. మిగతావాళ్ల మాట వేరు. జడ్జీలకి ఎవరూ ఓటు వెయ్యలేదు, ఖజానా డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో జనం ఎన్నుకున్నవాళ్లే చెప్పాలి అంటారు. ఇంకా ఒక మాట వుంది. వరుసలో ఏడేళ్లు నుంచున్నవాళ్లని వదిలి, ముందు వచ్చి గుడిసె వేసినవాళ్లకి ఇస్తే న్యాయమేనా? ఇది కూడా తీసిపారేసే మాట కాదు. ప్రభుత్వం 1994 నుంచి 30 లక్షలకు పైగా ఇళ్లు కట్టింది. అయినా పట్నాల చుట్టూ గుడిసెలు తగ్గలేదు. పల్లెల నుంచి జనం వస్తూనే వున్నారు.

ఈ తీర్పు ఇంకో చోట అక్కరకొచ్చింది. ఎయిడ్స్ వున్న తల్లికి కాన్పు వేళ ఒక మాత్ర ఇచ్చి, పుట్టిన బిడ్డకి కొన్ని చుక్కలు పోస్తే బిడ్డకి జబ్బు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. మందు కంపెనీ అయిదేళ్లు ఆ మందు ఉచితంగా ఇస్తానంది. అయినా ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండే చోట్ల ఇచ్చింది. మిగతా ఆసుపత్రుల్లో డాక్టరు చేతులు కట్టేసినట్టయింది. రోగుల సంఘం కోర్టుకి వెళ్లింది. 2002 జూలైలో కోర్టు ఆ అడ్డు తీసెయ్యమని చెప్పింది. ఇక్కడ గెలుపు కాగితం మీద ఆగలేదు. మందు ఆసుపత్రులకి చేరింది.

తాతల నాటి ఆచారం

కేప్‌టౌన్‌లోనే ఇంకో సంగతి. ఒక వడ్రంగి చనిపోయాడు. అతని పిల్లల తల్లి ఇళ్లలో పని చేసుకునే మనిషి. ఇద్దరూ చిన్న ఆడపిల్లలే. ఉన్నది ఒక చిన్న గుడిసె, కొంచెం సామాను. చనిపోయినవాడి తండ్రి వచ్చాడు. "మగపిల్లలు లేరు. ఆచారం ప్రకారం ఆస్తి నాది. అమ్మి దినాల ఖర్చు తీరుస్తాను" అన్నాడు. మరి మనవరాళ్లు ఎక్కడ వుండాలి?

ఆచారాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది కూడా వినాలి. వాళ్ల మాట ఇది: పెద్దకొడుక్కి ఆస్తి ఇచ్చేది అనుభవించడానికి కాదు, ఇంట్లో ముసలివాళ్లనీ వితంతువుల్నీ పిల్లల్నీ పోషించడానికి. ఒకప్పుడు అది నిజమే. అందరూ ఒకే ముంగిట్లో వున్నప్పుడు నడిచింది. ఇప్పుడు ఎవరి దోవ వారిది. ఆస్తి తీసుకునేవాడు ఆస్తి తీసుకుంటున్నాడు, భారం మాత్రం తీసుకోవడం లేదు.

2004లో కోర్టు ఆ ఇద్దరు ఆడపిల్లలే వారసులని చెప్పింది. మగవాడికే ఆస్తి అనే నియమాన్ని కొట్టేసింది. ఆ ఏడాదే ఆ కోర్టు కొత్త భవనంలోకి మారింది. జొహానెస్‌బర్గ్ నగరంలో ఒక పాత జైలు ఆవరణలో దాన్ని కట్టారు. కూల్చిన జైలు గదుల ఇటుకలు కొన్ని కోర్టు గోడల్లో పెట్టారు. ఆ జైల్లో గాంధీ వున్నాడు. మండేలా వున్నాడు.

నాలుగేళ్ల తర్వాత ఇంకో తీర్పు వచ్చింది. వలోయి అనే తెగలో నాయకుడు 1968లో చనిపోయాడు. పెద్ద కూతురు వుంది. ఆడది కాబట్టి పదవి ఆమెకి రాలేదు, బాబాయికి వెళ్లింది. తర్వాత ఆ తెగ పెద్దలే కూర్చుని "కాలం మారింది, ఆమెకే ఇద్దాం" అని తీర్మానం చేశారు. బాబాయి కొడుకు ఒప్పుకోలేదు. 2008లో కోర్టు ఏమందంటే, ఆచారాన్ని మార్చుకునే హక్కు ఆ ఆచారం పాటించే జనానికి వుంది అంది. ఫీలియా షిలుబానా నాయకురాలు అయింది. ఆచారమంటే రాతి మీద గీత అనుకుంటాం. కానీ దాన్ని గీసింది మనుషులే కదా.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ కుటుంబాల్లో కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం చేసింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకి అది వర్తించలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా అన్నదమ్ముల దగ్గర వాటా అడిగే ఆడపిల్ల ఎంతమంది? "అడిగితే పుట్టింటి గుమ్మం దూరమవుతుంది" అనే భయం వుంది. ఆ భయం చట్టంతో పోయేది కాదు.

తెగని తగువులు

అక్కడ భూమి తగువు చాలా పెద్దది. 1913లో తెల్లవాళ్లు ఒక చట్టం చేశారు. నల్లవాళ్లు దేశంలో నూటికి ఏడు వంతుల భూమిలోనే వుండాలన్నారు. తర్వాత దాన్ని పదమూడు చేశారు. ఆ గాయం ఇంకా మానలేదు. 2017లో ప్రభుత్వం లెక్క తీసింది. మనుషుల సొంత పేర్ల మీద వున్న సాగు భూమిలో నూటికి 72 వంతులు తెల్లవాళ్లదే. 2025 జనవరిలో కొత్త భూసేకరణ చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టాడు. కొన్ని సందర్భాల్లో పరిహారం ఇవ్వకుండా కూడా భూమి తీసుకోవచ్చని అందులో వుంది. లాక్కున్నది తిరిగి తీసుకోవడం తప్పా అని ఒకరు. పంట పండించేవాడిని బెదరగొడితే అందరికీ తిండి ఎక్కడిది అని ఒకరు. పంచిన భూమికి పట్టా ఎవరి పేర రాస్తారు అని ఆడవాళ్లు. మన ఊళ్లలో భూములు పంచినప్పుడూ ఈ మూడో ప్రశ్న అడగడానికి చాలా కాలం పట్టింది.

పార్లమెంటులో మాత్రం ఆడవాళ్లు పెరిగారు. 1994కి ముందు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆ ఎన్నికల్లో ఒక్కసారిగా నూటికి 27 మంది అయ్యారు. ఇప్పుడు నూటికి నలభై దాటారు. అక్కడ జనం పార్టీకి ఓటు వేస్తారు. పార్టీ తన జాబితాలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని రాస్తే అంతమంది వస్తారు. మన లోక్‌సభకి 2024లో 543 మందిలో 74 మంది ఆడవాళ్లు గెలిచారు. మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇస్తూ 2023లో మన పార్లమెంటు చట్టం చేసింది. జనాభా లెక్కలు, సీట్ల పునర్విభజన అయ్యాక అమలు చేస్తామని అందులో రాసింది.

అయితే అన్ని గంటలు నిలబడి ఓటేసిన ఆ జనం ఇప్పుడెలా వున్నారు? 1999లో పేరు రాయించుకున్నవాళ్లలో నూటికి 89 మంది ఓటేశారు. 2024 మే నెల ఎన్నికల్లో నూటికి 59 మందే వేశారు. పని దొరకని కొడుకులు ఇంట్లో వున్నారు. పని కావాలనుకునే ముగ్గురిలో ఒకరికి పని లేదు. ఏళ్ల తరబడి కరెంటు కోతలు పడ్డారు. నాయకుల అవినీతి చూశారు. మండేలా పార్టీకి 1994లో నూటికి 62 ఓట్లు వచ్చాయి. 2024లో 40 వచ్చాయి. మొదటిసారి ఆ పార్టీ ఒంటరిగా ప్రభుత్వం పెట్టలేకపోయింది. పది పార్టీలు కలిసి పెట్టాయి. మండేలా పార్టీ ఆ లెక్క ఒప్పుకుంది. పెద్ద గొడవ లేకుండా అధికారం పంచుకున్నారు. ముప్పై ఏళ్ల కింద పుట్టిన ప్రజాస్వామ్యానికి అదేమీ తక్కువ సంగతి కాదు.

అక్కడ ఒక ఇంట్లో అత్తా కోడళ్లని వూహించుకోండి. అత్త 1994 వరుసలో నిలబడ్డది. "ఓటు కోసం చచ్చిపోయినవాళ్లు వున్నారే, వెళ్లి వెయ్యి" అంటుంది. కోడలు "వేస్తే నాకు కుళాయి వస్తుందా అత్తయ్యా?" అని అడుగుతుంది.

మాట్లాడుకోండి

అత్త ఏమి జవాబు చెప్పాలి? కోడలి మాటలో న్యాయం ఎంత? మీలో ఇద్దరు అత్తగా, కోడలిగా వుండి వాదించండి.

మీ ఊళ్లో ఇంటి కోసం అర్జీ పెట్టినవాళ్లు ఎంతమంది? ఎన్నేళ్లయింది? ఆ జాబితా ఎక్కడ దొరుకుతుంది? అడిగి తెచ్చి, మీ పేరు మీరే చదివి వెతకండి.